ఆకలి కొండ మీద తోటకూర

"డాక్టరుగారూ, మా నాన్నగారికి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఏదైనా మందు రాయండి" అని అడిగేవాళ్ళు నా దగ్గరకు వారానికి నలుగురైనా వస్తూంటారు. ఆ నాన్నగారు స్టూలు మీద కూర్చుని కిటికీలోంచి బయటకు చూస్తూంటారు. అరవై దాటిన మనిషి. చక్కెర వ్యాధి ఉంటుంది, రక్తపు పోటు ఉంటుంది. పొలం అమ్మేసి, టౌనులో కొడుకు వాటాలోకి వచ్చి ఏడాదో రెండేళ్ళో అయి ఉంటుంది. బయట క్యూ పెద్దది. ఒక బిళ్ళ పెంచి, "నడవండి, తీపి మానెయ్యండి" అని చెప్పి పంపేస్తాం.

ఇతరుల మాట ఎందుకు? మా బావగారి విషయంలోనే నేను రెండేళ్ళు ఈ పని చేశాను.

ఆయనది నరసాపురం వైపు. మా అక్క పోయాక ఉన్న రెండెకరాలూ అమ్మేశారు. పొలంలో ప్లాట్ల రాళ్ళు పాతారు. ఆ రోజు నుంచి ఆయన వీధి అరుగు మీద కుర్చీ వదల్లేదు. బరువు పెరిగింది, చక్కెర పెరిగింది, మాట తగ్గింది. నేను చక్కెర బిళ్ళ పెంచాను, నిద్రకు ఒక బిళ్ళ చేర్చాను. "బావా, రోజంతా ఏం చేస్తుంటావు?" అని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

చివరికి మా మేనకోడలు ఆయన్ను ఆరు నెలల పాటు తన దగ్గరకు ఇంగ్లండు తీసుకువెళ్ళింది. వాళ్ళుండేది నాటింగ్‌హామ్‌లో. పోయిన జూన్‌లో సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. విమానం దిగిన మర్నాడు, ఇంకా నాకు నిద్రమత్తు వదలకముందే, బావగారు రబ్బరు బూట్లు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డారు. "లే బావా, మన పొలం చూపిస్తాను" అన్నారు. రెండేళ్ళ తరువాత ఆయన నోట నేను విన్న మొదటి పెద్ద మాట అది.

ఊరి నడుమ 75 ఎకరాల తోట

ఆయన చూపించిన చోటును సెయింట్ ఆన్స్ తోటలంటారు. నగరం మధ్యకు దగ్గరలోనే, ఏటవాలు కొండ మీద 75 ఎకరాల నేల. దాన్ని సుమారు 670 మళ్ళుగా విభజించి, ఒక్కొక్క మడీ ఒక్కొక్క కుటుంబానికి ఏడాది అద్దెకు ఇస్తారు. దారులతో కలిపి లెక్క వేస్తే మడికి సగటున 11 సెంట్లు. మడికీ మడికీ మధ్య నిలువెత్తు ముళ్ళకంచెలు. అవి విక్టోరియా రాణి కాలం నాటి కంచెలు. కొన్ని మళ్ళలో ఆ కాలంలో కట్టిన చిన్న చిన్న ఇటుక గదులు, వాటిలో చలి కాచుకునే పొయ్యిలు కూడా ఇంకా ఉన్నాయి. ఇలాంటి తోటల్లో ప్రపంచంలోకెల్లా పాతదీ పెద్దదీ ఇదేనని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. చరిత్రాత్మక స్థలంగా ప్రభుత్వ జాబితాలో కూడా చేర్చారు.

ఇందులో ఒక భాగం పేరు హంగర్ హిల్. మన మాటల్లో చెప్పాలంటే ఆకలి కొండ. ఆ పేరు ఎందుకు వచ్చినా, ఆ కొండ కథ మాత్రం వైద్యులు తెలుసుకోదగ్గది.

పూర్వం ఇది నగరపాలక సంస్థ భూమి. ఊళ్ళో పౌర హక్కు ఉన్నవాళ్ళకు సాగు చేసుకోవడానికి వాటాలుగా ఇచ్చేవారు. నాటింగ్‌హామ్ లేసుకూ మేజోళ్ళకూ పేరుపడ్డ ఊరు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో జనం వేలకు వేలు పని కోసం వచ్చి చేరారు. కాని ఊరు పెరగడానికి వీల్లేదు. చుట్టూ ఉన్న పొలాల మీదా బీళ్ళ మీదా పౌరులకు పశువులు మేపుకునే ఉమ్మడి హక్కులుండేవి. వాటిని వదులుకోవడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. దాంతో ఉన్న స్థలంలోనే, వీపుకు వీపు ఆనించినట్టు ఇళ్ళు కట్టుకుంటూ పోయారు. వెనుక కిటికీ లేదు, గాలి లేదు. పది ఇళ్ళకు ఒక మరుగుదొడ్డి ఉంటే గొప్ప. 1832లో కలరా వచ్చినప్పుడు ఈ ఇరుకు సందులే ఎక్కువ దెబ్బ తిన్నాయి. 1845లో చట్టం తెచ్చి పొలాలను విడగొట్టాకే ఊరికి ఊపిరి ఆడింది. ఆ చట్టంలోనే పార్కులకూ నడక దారులకూ కొంత నేల అట్టే పెట్టారు.

ఆ ఇరుకు ఇళ్ళలో మగ్గేవాళ్ళకు ఊరి బయట చిన్న తోట ఒక్కటే ఊరట. విలియం హోవిట్ అనే రచయిత అదే ఊళ్ళో మందుల దుకాణం నడిపినవాడు. నాటింగ్‌హామ్ చుట్టూ ఇలాంటి తోటలు 5,000కు పైగా ఉన్నాయనీ, వాటిలో ఎక్కువ భాగం పనివాళ్ళవేననీ ఆయన 1838లో రాశాడు. రెనాల్డ్స్ హోల్ అనే మతాచార్యుడు ఈ ఊరి కార్మికుల గులాబీల పోటీకి న్యాయనిర్ణేతగా వచ్చాడు. గులాబీల గురించి 1869లో అచ్చయిన తన పుస్తకంలో ఆ సంగతి చెప్పాడు. చలి ముదిరిన రాత్రి ఒక కార్మికుడు తమ మంచం మీది దుప్పటి తీసుకువెళ్ళి పూలమొక్కలకు కప్పాడట. తాను వణుకుతూ మొక్కకు దుప్పటి కప్పిన మనిషికి ఆ మొక్క ఏమిచ్చిందో తూచడానికి మన ఆసుపత్రుల్లో పరికరం లేదు.

1970 ప్రాంతంలో సెయింట్ ఆన్స్ పేటలోని పాత ఇళ్ళు చాలా వరకు కూల్చి కొత్తవి కట్టారు. ఇళ్ళు మారాయి, మనుషులు మారారు. తోటలు మాత్రం అలాగే నిలిచాయి.

అలా నిలవడానికి ఆ దేశపు చట్టాల బలం కూడా ఉంది. ప్రజలు అడిగితే స్థానిక సంస్థలు ఇలాంటి మళ్ళు ఏర్పాటు చేయాలని 1908 చట్టం చెప్పింది. ఇందుకోసమే సేకరించిన భూమిని మంత్రి అనుమతి లేకుండా అమ్మకూడదని 1925 చట్టం చెప్పింది. దేశంలో మామూలు మడి కొలత సుమారు 300 చదరపు గజాలు, అంటే మన లెక్కలో ఆరుంపావు సెంట్లు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తిండికి కటకట వచ్చినప్పుడు ఈ మళ్ళు సుమారు 14 లక్షలకు చేరాయి. ఇప్పుడు సుమారు 3 లక్షల 30 వేలు మిగిలాయి.

బావగారూ, జమైకా పెద్దాయనా

బావగారి మడి నిజానికి ఆయనది కాదు. మా మేనకోడలి పొరుగున ఉండే ఒక జమైకా పెద్దాయనది. ఆయనకు 78 ఏళ్ళు. మోకాళ్ళు అరిగాయి, వంగలేరు. బావగారికి ఇంగ్లీషు అంతంత మాత్రం. ఏప్రిల్ నెలలో ఒకరోజు కంచె పక్కన నడుస్తూ, ఆయన వేసిన నారు చూసి బావగారు ఆగిపోయారట. అది తోటకూర! వాళ్ళు దాన్ని కలాలూ అంటారు. క్రిస్మస్‌కు వాళ్ళు ఎర్రటి పానకం కాచుకునే మొక్క కూడా మన గోంగూర జాతిదే. ఇద్దరు ముసలివాళ్ళ స్నేహానికి ఇంతకన్నా భాష అక్కర్లేకపోయింది. ఆయన చెప్పడం, ఈయన తవ్వడం. పంట చెరి సగం.

అంతా సాఫీగా జరగలేదు. మే నెలలో ఒక ఉదయం బావగారు కాఫీ మాత్రమే తాగి, నేను రాసిన గ్లిమిపిరైడ్ బిళ్ళ వేసుకుని మడికి వెళ్ళారు. రెండు గంటలు పార పట్టారు. ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. కంచె పక్కన కూలబడ్డారు. ఆ జమైకా పెద్దాయనకు కూడా చక్కెర వ్యాధే. సంగతి గ్రహించి, తన ఫ్లాస్కులోని టీలో మూడు చెంచాల పంచదార కలిపి తాగించారు. పావుగంటలో బావగారు తేరుకున్నారు.

ఆ రాత్రి మా మేనకోడలు ఫోన్‌లో ఏడ్చింది. "మావయ్యా, ఇక నాన్నను తోటకు పంపను" అంది. నేనూ మొదట "అంతే, వద్దు" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆలోచించాను. ఆ పని ఆయన ఒంటికి సరిపోతోంది. కుర్చీలో కూర్చున్న మనిషికి రాసిన మోతాదే సరిపోవడం లేదు. తప్పు పారది కాదు, నా చీటీది. మర్నాడు బిళ్ళ సగానికి తగ్గించాను. తిని వెళ్ళమన్నాను, జేబులో పంచదార పెట్టుకోమన్నాను, వారం పాటు పనికి ముందూ తరువాతా చక్కెర చూసి రాయమన్నాను.

సెప్టెంబరులో ఆయన మూడు నెలల చక్కెర పరీక్ష 8.8 నుంచి 7.3కు వచ్చింది. బరువు 5 కిలోలు తగ్గింది. నిద్రబిళ్ళను నేనే మెల్లమెల్లగా తగ్గించి మాన్పించాను. ఒక్క మనిషి కథతో శాస్త్రం కాదు. కూతురి ఇల్లు, మనవల అల్లరి, మారిన తిండి, ఇవి కూడా పని చేసి ఉంటాయి. అందుకే శాస్త్రం ఏమంటుందో చూద్దాం.

తోటపని మందవుతుందా?

నెదర్లాండ్స్‌లో ఇలాంటి మళ్ళు సాగు చేసేవాళ్ళు 30 మందికి ముందు మనసును వత్తిడి చేసే పరీక్ష పెట్టారు. తరువాత సగం మందిని అరగంట తోటపనికి పంపారు. మిగతా సగం మందిని గదిలో కూర్చుని చదువుకోమన్నారు. వత్తిడి వేళ ఒంట్లో పెరిగే కార్టిసాల్ అనే హార్మోను రెండు జట్లలోనూ తగ్గింది. కాని తోటలో ఉన్నవాళ్ళలో ఎక్కువ తగ్గింది, మనసు కూడా కుదుటపడింది. ఇది 2011లో అచ్చయింది. చిన్న పరిశోధన.

ఇంతకన్నా గట్టిది అమెరికాలోని డెన్వర్ ప్రాంతంలో జరిగింది. 291 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు సమష్టి తోటలో మడి, విత్తనాలు, నారు, కొంత శిక్షణ ఇచ్చారు. రెండో జట్టును మరుసటి ఏడు దాకా ఆగమన్నారు. 2023లో ఫలితాలు వచ్చాయి. తోట జట్టు రెండో జట్టు కన్నా రోజుకు సుమారు 1.4 గ్రాముల పీచు ఎక్కువ తిన్నది. వారానికి సుమారు 42 నిమిషాలు ఎక్కువ కదిలింది. ఆందోళనా తగ్గింది. 1.4 గ్రాములేనా అని పెదవి విరవకండి. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వకుండా, ఎవరినీ తిట్టకుండా వచ్చిన మార్పు అది.

పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మాదిరి శ్రమ చేయాలనీ, రోజుకు కనీసం 400 గ్రాముల కూరలూ పండ్లూ తినాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తవ్వడం, నీళ్ళు మోయడం, ఆగకుండా కలుపు తీయడం ఆ శ్రమ కిందకే వస్తాయి. కుర్చీ వేసుకుని పైపుతో నీళ్ళు పట్టడం రాదు.

ఇంగ్లండులో ఇప్పుడు డాక్టర్లు కొందరు రోగులను తోటలకూ ప్రకృతిలో చేసే పనులకూ పంపే పద్ధతి ఉంది. 2021లో ఏడు ప్రాంతాల్లో దీన్ని ప్రయోగాత్మకంగా పెట్టారు. అందులో నాటింగ్‌హామ్ ఒకటి. అంటే ఆకలి కొండ ఇప్పుడు మందుల చీటీ ఎక్కిందన్నమాట.

ఎవరు జాగ్రత్త పడాలి?

మట్టి మంచిదే. అయితే మట్టిలో క్రిములూ ఉంటాయి, పాములూ ఉంటాయి. ఈ కింది సంగతులు గుర్తుంచుకోండి.

చక్కెర వ్యాధి ఉండి ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి బిళ్ళలు గాని వాడేవారు పరగడుపున పనికి దిగవద్దు. జేబులో పంచదార పొట్లం ఉండాలి. వణుకు, చెమట, కళ్ళు తిరగడం మొదలైతే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ తాగాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయవద్దు, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. బిళ్ళల మోతాదు మీ అంతట మీరు మార్చవద్దు. కొత్తగా శ్రమ మొదలుపెడుతున్నామని డాక్టరుకు ముందే చెప్పండి.

చక్కెర వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారు ఒట్టి కాళ్ళతో మట్టిలో నడవకూడదు. "చిన్నప్పటినుంచీ చెప్పుల్లేకుండానే దున్నాను" అని మా బావగారూ అన్నారు. చిన్నప్పటి పాదం వేరు, ఇప్పటి పాదం వేరు. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడ్డాక తెలుస్తుంది. మూసి ఉండే బూట్లు వేసుకోండి. రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్ళు చూసుకోండి. ఒట్టి కాళ్ళతో తిరిగేవాళ్ళకు కొంకి పురుగులు చర్మంలోంచే ఒంట్లోకి పోయి రక్తహీనత తెస్తాయి.

పెద్దవాళ్ళు కూడా పదేళ్ళకొకసారి ధనుర్వాతం టీకా వేయించుకోవాలి. మట్టి అంటిన గాయమైతే సబ్బుతో బాగా కడిగి ఆసుపత్రికి రండి. చివరి టీకా వేసి అయిదేళ్ళు దాటితే మళ్ళీ వేయాల్సి ఉంటుంది.

గుండె జబ్బు ఉన్నవారు, ఆయాసం వచ్చేవారు తవ్వడం మొదలుపెట్టే ముందు పరీక్ష చేయించుకోండి. మన ఎండల్లో ఉదయం ఎనిమిదిలోపు, సాయంత్రం అయిదు తరువాత మాత్రమే పని. మోకాళ్ళ నొప్పులున్నవారు నడుం ఎత్తు మడి కట్టుకుని నిలబడి చేయవచ్చు.

మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఆకుకూరలు ఎంత తినవచ్చో డాక్టరును అడగండి. పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది. కిడ్నీలో రాళ్ళు పడేవాళ్ళు పాలకూర, తోటకూర మితంగా తినాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళు ఆకుకూరలను ఒకరోజు మోపెడు, ఒకరోజు సున్నా అన్నట్టు తినకూడదు. రోజూ ఒకే మాదిరిగా తినండి. ఆకుకూరల్లోని ఇనుము ఒంటపట్టాలంటే నిమ్మకాయ పిండుకోండి, భోజనం వెంటనే టీ తాగకండి.

మురుగునీళ్ళు పారించిన ఆకుకూర ఎంత పచ్చగా ఉన్నా వద్దు. పచ్చి పేడ వేయవద్దు. బాగా మాగిన ఎరువే వేయండి. పాత ఫ్యాక్టరీలు, బ్యాటరీ దుకాణాలు ఉన్న నేలలో సీసం ఉండవచ్చు. అక్కడ కూరలు వేయకండి. పురుగుమందు కొనకపోవడమే మేలు. కొన్నా, కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఇంట్లో పెట్టకండి. అలా తాగిన పిల్లలను నేను బతికించుకోలేకపోయిన రాత్రులున్నాయి. పాము కరిస్తే కట్టు బిగించడాలు, నోటితో పీల్చడాలు మానేసి, కదలనీయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకురండి.

మన ఊళ్ళో ఎలా?

మన టౌన్లలో కొత్త కాలనీలు చాలావరకు నిన్నటి పంటపొలాలూ చెరువుల కింది ఆయకట్టులే. లేఅవుట్ వేసేటప్పుడు సాధారణంగా పదో వంతు నేల ఉమ్మడి అవసరాలకు వదలాలన్నది నిబంధన. మీ కాలనీలో ఆ నేల ఎక్కడుందో చూడండి. చాలాచోట్ల దాని మీద పిచ్చిచెట్లూ ప్లాస్టిక్ సంచులూ పెరుగుతున్నాయి. పదిమంది కలిసి, పురపాలక సంఘాన్ని రాతపూర్వకంగా అడిగి, ఒక మూల కూరల మళ్ళకు అనుమతి తీసుకోండి. మనిషికి రెండు గజాల వెడల్పు, అయిదు గజాల పొడవు మడి మొదట చాలు. నీటి సంగతి ముందే తేల్చుకోండి. తగవులు నీళ్ళ దగ్గరే మొదలవుతాయి. తోటకూర, మెంతికూర మూడు నాలుగు వారాల్లో చేతికి వస్తాయి. కాబట్టి వాటితో మొదలుపెట్టండి. మొదటి పంట చూడకుండా మనిషి నిలవడు.

ఒక్కడే చేసే పెరటి సాగుకూ దీనికీ తేడా ఉంది. పక్క మడిలో ఒక మనిషి ఉంటాడు. మీరు రాకపోతే "ఏమైంది?" అని అడుగుతాడు. పంచదార కలిపిన టీ ఇస్తాడు. మా బావగారిని ఆ రోజు కాపాడింది మొక్క కాదు, ఆ మనిషి.

ఇంగ్లండులో జూన్ నెలలో రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది. నేను బయలుదేరే ముందురోజు ఆ వెలుతుర్లో బావగారూ నేనూ మడి గట్టు మీద కూర్చున్నాం. "మీ అక్క లేసు అల్లేది, గుర్తుందా? ఇది కూడా లేసు ఊరేనట" అన్నారు. పోయాక మా అక్క మాట ఆయన ఎత్తడం అదే మొదటిసారి. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తరువాత ఆయన లేచి కలుపు తీయడం మొదలుపెట్టారు. నేనూ వంగాను.

ఇప్పుడు నా చీటీ పైన, మందుల పేర్లకు ముందు, ఒక ప్రశ్న రాసుకుంటున్నాను: "రోజంతా ఏం చేస్తుంటారు?" మీ ఇంట్లో పెద్దాయన కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంటే, నా దగ్గరకు తీసుకువచ్చే లోపు ఆ ప్రశ్న మీరే ఒకసారి అడిగి చూడండి. జవాబు చెప్పేదాకా పక్కనే కూర్చోండి.